హెచ్‌ఐవీ మీద విదేశీ సాయం: వార్తలోని అంకెను విప్పి చూడటం ఎలా

"హెచ్‌ఐవీకి అమెరికా 15 బిలియన్ డాలర్లు" అని ఒక శీర్షిక. "సాయం ఆగింది, 2 కోట్ల మందికి మందులు బంద్" అని ఇంకో శీర్షిక. రెండిట్లోనూ అంకె ఎక్కడో అధికారిక కాగితంలో ఉన్నదే. అయినా రెండూ చదివేవాణ్ని తప్పుదారి పట్టిస్తాయి. మొదటి దాంట్లో ఉన్నది చట్టంలో రాసుకున్న పరిమితి, ఖర్చయిన డబ్బు కాదు. రెండో దాంట్లో ఉన్నది ఆ కార్యక్రమం మద్దతు ఉన్నవాళ్ల సంఖ్య, ఆ డబ్బుతో మాత్రలు కొనుక్కుంటున్నవాళ్ల సంఖ్య కాదు. విలేకరులకీ, ఎన్జీవోల్లో ప్రతిపాదనలు రాసేవాళ్లకీ, పబ్లిక్ హెల్త్ విద్యార్థులకీ ఈ తేడా పట్టుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఆరు గడులు పెట్టుకోండి. ఎంత, ఎవరి డబ్బు, ఏ దశలో ఉన్న డబ్బు, ఎవరి క్యాలెండర్ ప్రకారం ఏ ఏడాది, ఏయే జబ్బులకి, ఏ పత్రంలో ఏ తేదీన దొరికింది. ఆరూ నిండని అంకెను వ్యాసంలోకి రానివ్వకండి. ఎక్కువసార్లు ఖాళీగా మిగిలేది మూడో గడి. అందుకే దానితో మొదలుపెడదాం.

మంజూరైందా, బిల్లు పాసైందా, ఖాతాలో పడిందా

ప్రభుత్వ పథకంలో ఇల్లు "మంజూరైంది" అంటే చేతికి డబ్బు వచ్చినట్టు కాదని మన ఊళ్లల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మంజూరు వేరు, పునాది బిల్లు పాసవడం వేరు, బ్యాంకు ఖాతాలో పడటం వేరు. అమెరికా సాయమూ అంతే. కాకపోతే అక్కడ మెట్లు నాలుగు.

మొదటి మెట్టు ఆథరైజేషన్. ఇంతవరకూ ఖర్చు పెట్టుకోవచ్చని చట్టం చెప్పడం. వేరే దేశాల్లో హెచ్‌ఐవీ మీద అమెరికా నడిపే సాయ కార్యక్రమం పేరు పెప్‌ఫార్. దాన్ని అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ 2003 జనవరి 28న ప్రకటించాడు. మే 27న చట్టం మీద సంతకమైంది. అయిదేళ్లకు 15 బిలియన్ డాలర్లన్నది అక్కడి అంకె. 2008లో చట్టాన్ని పొడిగించినప్పుడు హెచ్‌ఐవీ, టీబీ, మలేరియా మూడింటికీ కలిపి 48 బిలియన్లు అన్నారు. 2013, 2018 పొడిగింపుల్లో అసలు మొత్తమే రాయలేదు. కాబట్టి "2018 చట్టం కింద ఇన్ని బిలియన్లు" అని ఎవరైనా రాస్తే అక్కడే ఆగి, ఎక్కడిదని అడగండి.

రెండో మెట్టు అప్రోప్రియేషన్. ఏటేటా కాంగ్రెస్ బడ్జెట్ బిల్లులో కేటాయించేది. ఇదే అసలైన డబ్బు. మొదటి అయిదేళ్లలో కాంగ్రెస్ కేటాయించింది 15 బిలియన్లకంటే ఎక్కువే. అంటే ఆథరైజేషన్ అంకె డబ్బుకు హామీ కాదు, దాటకూడని హద్దూ కాదు. 2024 ఆర్థిక సంవత్సరం తీసుకుంటే దేశాలకు నేరుగా వెళ్లే హెచ్‌ఐవీ కార్యక్రమాలకు సుమారు 4.8 బిలియన్లు, హెచ్‌ఐవీ, టీబీ, మలేరియాల మీద పనిచేసే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్‌కు 1.65 బిలియన్లు.

మూడోది ఆబ్లిగేషన్. ఫలానా సంస్థతో కాంట్రాక్టు కుదిరి ప్రభుత్వం కట్టుబడటం. నాలుగోది అవుట్‌లే, ఖజానా నుంచి డబ్బు నిజంగా బయటికి పోవడం. రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య చాలామంది చూడని ఒక గేటుంది. కాంగ్రెస్ కేటాయించినా వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు విడతలు విడతలుగా వదిలితేనే శాఖలు ముట్టుకోగలవు. 2025లో "బడ్జెట్‌లో డబ్బుంది, క్షేత్రంలో లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ గేటు దగ్గర ఆగిన డబ్బు గురించే.

ఈ మెట్లు తెలియక చేసే తప్పులు రెండు తరచుగా కనబడతాయి. 2025 మార్చి 25న చట్టంలోని కాలపరిమితి ఉన్న నిబంధనల గడువు తీరింది. వెంటనే "పెప్‌ఫార్ రద్దు" అని వార్తలొచ్చాయి. రద్దు కాలేదు. కార్యక్రమానికి ఆధారమైన నిబంధనల్లో ఎక్కువ భాగం శాశ్వతమైనవి, డబ్బు వచ్చేది ఏటా కేటాయింపుల నుంచి. రెండోది 2025 జులైలో జరిగింది. కేటాయించిన డబ్బును వెనక్కి తీసుకునే బిల్లులో పెప్‌ఫార్ నుంచి 40 కోట్ల డాలర్ల కోత ఉంది. సెనేట్ దాన్ని తీసేసింది. సుమారు 9 బిలియన్ల మిగతా కోతలతో చట్టమైంది. ప్రతినిధుల సభలో పాసైన రోజు వార్తను చూసి రాసినవాళ్ల దగ్గర ఆ 40 కోట్ల కోత ఇప్పటికీ "జరిగిపోయింది". బిల్లు అంకె వాడితే అది ఏ సభలో ఏ తేదీ నాటి ప్రతో షీట్‌లో రాయండి.

కాంట్రాక్టుల అంకెలకు ఇంకో జాగ్రత్త కావాలి. మందుల సరఫరా కోసం 2015లో కెమోనిక్స్ అనే సంస్థకు అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఇచ్చిన కాంట్రాక్టు 9.5 బిలియన్ డాలర్లని అంతటా రాశారు. అది గరిష్ఠ పరిమితి. పైగా అందులో మలేరియా, కుటుంబ నియంత్రణ సరుకులు కూడా ఉన్నాయి. దాన్ని "ఎయిడ్స్ మందులకు 9.5 బిలియన్లు" అంటే ఒకే వాక్యంలో రెండు తప్పులు.

గ్లోబల్ ఫండ్ దగ్గర హామీ ఎంత, నగదు ఎంత

గ్లోబల్ ఫండ్ 2002లో పుట్టింది, ఆఫీసు జెనీవాలో. మూడేళ్లకోసారి దాతల సభ పెట్టి హామీలు తీసుకుంటుంది. 2022 సెప్టెంబర్‌లో న్యూయార్క్ సభలో 14.25 బిలియన్లు ప్రకటించారు, తరవాత కలిసినవాటితో అది 15.7 దాకా పోయింది. 2025 నవంబర్‌లో జొహన్నెస్‌బర్గ్ సభలో 11.34 బిలియన్లు వచ్చాయి. అడిగింది 18.

ఈ హామీలను ఎలా చదవాలంటే, పెళ్లిలో చదివింపుల పుస్తకంలా కాదు, చిట్టీ పాటలా. పేరు రాసుకున్నంత మాత్రాన డబ్బు పెట్టెలో ఉండదు. అమెరికా వాటా మీద 2003 చట్టంలోనే ఒక పట్టు పెట్టారు. ఫండ్‌కు వచ్చే మొత్తంలో అమెరికా సొమ్ము 33 శాతం మించకూడదని (2025 మార్చి 25న గడువు తీరిన నిబంధనల్లో ఇదీ ఒకటి). అంటే మిగతా ప్రపంచం రెండు డాలర్లు వేస్తే అమెరికా ఒక డాలరు వేసే పద్ధతి. ఆ పద్ధతిలో ఐరోపా దేశాలు తగ్గిస్తే అమెరికా హామీ ఇచ్చిన సొమ్ము కూడా కొంత రాకుండా నిలిచిపోతుంది. బ్రిటన్ తన సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3కి దించుతానంది. దాని దెబ్బ లండన్‌తో ఆగదు, ఈ లెక్క వల్ల వాషింగ్టన్ చెక్కునీ చిన్నది చేయగలదు.

హామీకీ నగదుకీ తేడా ఎంత గట్టిగా తగులుతుందో 2025లో తేలింది. దేశాలకు 13 బిలియన్ల పైచిలుకు కేటాయింపులు జరిగి, గ్రాంట్లు నడుస్తున్నాయి. దాతల నగదు అనుకున్న వేళకి రాకపోవడంతో ఫండ్ మధ్యలోనే 1.43 బిలియన్లు తగ్గించుకోమంది. దాదాపు 11 శాతం. సంతకమైన గ్రాంటు మొత్తాన్నే 2025 ఖర్చుగా రాసినవాళ్లు అందుకే పొరబడ్డారు. గ్లోబల్ ఫండ్ డేటా పేజీలో కేటాయింపు, సంతకమైన గ్రాంటు, విడుదలైన నగదు మూడూ వేరువేరుగా కనబడతాయి. విడుదలైనదే తీసుకోండి.

ఇంకోటి, ఫండ్ డబ్బంతా హెచ్‌ఐవీకి పోదు. 2023 నుంచి మొదలైన విడతలో తొలి 12 బిలియన్లను హెచ్‌ఐవీకి 50, మలేరియాకు 32, టీబీకి 18 శాతం చొప్పున పంచారు. కాబట్టి ఒక దేశం ఫండ్‌కిచ్చిన 100 డాలర్లని "హెచ్‌ఐవీ సాయం 100" అనకండి. సగం దగ్గర లెక్కవేసి, లెక్కవేశామని చెప్పండి.

ఒకే డాలరును రెండుసార్లు లెక్కపెట్టడం

ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు, పెద్ద నివేదికల్లో కూడా. పెప్‌ఫార్ మొత్తం అని చెప్పే అంకెలో గ్లోబల్ ఫండ్‌కు ఇచ్చిన వాటా కలిసే ఉంటుంది. పక్కన మళ్లీ గ్లోబల్ ఫండ్ ఖర్చు వేసి కూడితే అదే డాలరు రెండుసార్లు పడుతుంది.

దాత దేశాల సాయం లెక్కలు సేకరించే సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ. దాని లెక్కల్లో లైంగిక వ్యాధులు, హెచ్‌ఐవీ నియంత్రణ కలిపి ఒకే కోడ్ కింద ఉంటాయి. ఆ కోడ్ 13040. మలేరియా 12262, టీబీ 12263. అక్కడ చూసేటప్పుడు ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. డబ్బు ఇచ్చినవాడి వైపు నుంచి చూస్తారా, ఖర్చు పెట్టినవాడి వైపు నుంచా. ఇచ్చినవాడి వైపు అయితే ప్రభుత్వాలు ఫండ్‌కిచ్చింది తీసుకోండి, ఫండ్ ఖర్చును వదిలేయండి. ఖర్చు వైపు అయితే తిరగేయండి. రెండూ కలిపిన పట్టిక చూడటానికి బాగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. ఓఈసీడీ పూర్తి వివరాలు దాదాపు ఏడాది వెనకబడి వస్తాయి. ఈ ఏడాది కోతల్ని అందులో వెతక్కండి.

మనుషుల లెక్క

డబ్బుకన్నా మనుషుల దగ్గరే ఎక్కువ గల్లంతవుతుంది. ఒక చిన్న కూడిక చూడండి. 2024 సెప్టెంబర్ నాటికి 2.06 కోట్ల మంది చికిత్సకు మద్దతిస్తున్నామని పెప్‌ఫార్ చెప్పింది. అదే ఏడాది తను పనిచేసే దేశాల్లో 2.56 కోట్ల మంది చికిత్సలో ఉన్నారని గ్లోబల్ ఫండ్ చెప్పింది. కలిపితే 4.62 కోట్లు. కానీ ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ లెక్కలో 2024లో ప్రపంచం మొత్తం మీద చికిత్సలో ఉన్నదే 3.16 కోట్లు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లంతా కలిపి 4.08 కోట్లు. ఉన్న మనుషులకన్నా సాయం అందుకున్నవాళ్లు ఎక్కువైపోయారు!

ఇందులో మోసం లేదు. మలావీలోనో మొజాంబిక్‌లోనో ఒకే మనిషి మాత్ర ఒకరి డబ్బుతో, నర్సు జీతం ఇంకొకరి డబ్బుతో, రక్తపరీక్ష యంత్రం మూడోవాళ్లది, ఆస్పత్రి గది ఆ దేశ ప్రభుత్వానిది. అందరూ ఆ మనిషిని తమ లెక్కలో వేసుకుంటారు. ఫండ్ అయితే తను పెట్టుబడి పెట్టిన దేశాల మొత్తం ఫలితాన్నే చెబుతుంది. కాబట్టి ఇలాంటి అంకె పక్కన "వల్ల" అని రాయకండి. "మద్దతున్న కార్యక్రమాల్లో" అని రాయండి. మాట చిన్నదే, అర్థం మాత్రం మారిపోతుంది.

రెండో చిక్కు 95-95-95 అనే ప్రపంచ లక్ష్యం దగ్గర. వైరస్ ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు, వాళ్లలో మందులు వాడేవాళ్లు, వాళ్లలో వైరస్ అదుపులో ఉన్నవాళ్లు, ఒక్కోటి 95 శాతం ఉండాలన్నది అది. 2024 ప్రపంచ ఫలితం 87-89-94. దీన్ని చూసి "94 శాతం మందిలో వైరస్ అదుపులో ఉంది" అని రాస్తే తప్పు. ప్రతి శాతం వెనకటి దాని మీద. 100 మందిని తీసుకోండి. తమకు వైరస్ ఉందని తెలిసినవాళ్లు 87 మంది. ఆ 87లో 89 శాతం, అంటే 77 మంది, మందులు వాడుతున్నారు. ఆ 77లో 94 శాతం, 73 మంది దగ్గర వైరస్ అదుపులో ఉంది. సరిచూసుకోవాలంటే 3.16ని 4.08తో భాగించండి, 77 శాతమే వస్తుంది. ఇలా రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే అంకెను నమ్మొచ్చు. రాకపోతే రెండిట్లో ఒకటి వేరే ఏడాదిదని అనుమానించండి.

మాత్ర ఖరీదు నుంచి మొదలుపెట్టండి

డబ్బు ఎటు పోతోందో అర్థం కావాలంటే పైనుంచి కిందికి కాకుండా మాత్ర నుంచి పైకి లెక్క కట్టడం మేలు. ఇవాళ పేద, మధ్యాదాయ దేశాల్లో ఎక్కువమంది పెద్దలు వాడేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50, మూడూ ఒకే మాత్రలో, రోజుకు ఒకటి. సీసాలు 30, 90, 180 మాత్రలవి.

ఈ మాత్రతో తెలుగు నేలకు సంబంధం మామూలుది కాదు. హైదరాబాద్‌లోని అరబిందో, హెటిరో, లారస్, ఎంఎస్‌ఎన్ ఈ మందులో, వాటి ముడిసరుకో చేసే కంపెనీలు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర "టెంటేటివ్ అప్రూవల్" అని ఒక దారి ఉంది. అమెరికాలో పేటెంట్ ఉండటం వల్ల అక్కడ అమ్మకూడదు కానీ, నాణ్యత సరిపోయింది కనక పెప్‌ఫార్ డబ్బుతో వేరే దేశాలకు కొనొచ్చు అని అర్థం. అరబిందో టీఎల్‌డీకి అది 2017 ఆగస్టులో వచ్చింది. మరుసటి నెల అరబిందో, మైలాన్ సంస్థలతో ఏడాదికి మనిషికి 75 డాలర్ల ధర ఒప్పందం కుదిరింది. 2023లో గ్లోబల్ ఫండ్ ధర 45 లోపుకీ, ఆ తరవాత 40 లోపుకీ దిగింది. 2001లో సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నప్పుడు ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. అప్పటి బ్రాండు ధర 10 వేల డాలర్ల పైమాటే మరి.

ఇప్పుడు లెక్క. మనిషికి ఏడాదికి 37 డాలర్లనుకుందాం. 30 మాత్రల సీసా 3 డాలర్ల చిల్లర, 85 రూపాయల రేటున 260 రూపాయలు. మన సెల్‌ఫోన్ నెల రీఛార్జి కన్నా తక్కువ. 90 మాత్రల సీసాలైతే మనిషికి ఏడాదికి నాలుగు, పైన అయిదు రోజులకు కొసరు. పది వేల మందికి 40,600 సీసాలు. 40 వేలే రాస్తే ఆ అయిదు రోజులూ మందు లేకుండా పోతుంది. ప్రతిపాదనల్లో ఈ కొసరు ఎగిరిపోవడం మామూలే.

పెప్‌ఫార్ చెప్పే 2.06 కోట్ల మందికీ ఈ ధరన మాత్రలు కొన్నా 76 కోట్ల డాలర్లు. నేరుగా దేశాలకు వెళ్లే 480 కోట్ల డాలర్లలో ఆరో వంతు. నిజానికి అంతకూడా కాదు, ఎందుకంటే దక్షిణాఫ్రికా లాంటి దేశాలు మాత్రలు సొంత డబ్బుతోనే కొనుక్కుంటాయి. మిగతాది నర్సులు, కౌన్సెలర్లు, రక్త నమూనాలు మోసే మోటార్‌సైకిళ్లు, రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ యంత్రాలు, వాటి రసాయనాలు, గోదాములు, డేటా రాసేవాళ్లు, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చూసే కార్యక్రమాలు, ఆపైన అమెరికా సంస్థల నిర్వహణ ఖర్చులు. చివరి దాని మీద విమర్శ న్యాయమైనదే. కానీ "మాత్రలు చవకే కదా, అంత డబ్బెందుకు" అనేవాళ్లకి మందు గోదాములో ఉండటానికీ మనిషి కడుపులో పడటానికీ మధ్య దూరం తెలియదు.

ధర రాసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గ్లోబల్ ఫండ్ రిఫరెన్స్ ధరలు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరివి. ఓడ ఖర్చు, బీమా, కొనుగోలు ఏజెంటు రుసుము, ఆ దేశంలో గోదాము ఖర్చు అందులో లేవు.

కోత పడితే ముందు ఏది ఆగుతుంది

సాయం ఆగిన మర్నాడే మాత్రలు అయిపోతాయని అనుకోవడం సహజం. జరిగేది దాదాపు తిరగబడి ఉంటుంది. ముందు ఆగేది మనుషులు, తరవాత పరీక్షలు, ఆఖరున మాత్రలు. మాత్రలు నెలల ముందే ఆర్డరిచ్చినవి. కొన్ని ఓడలో, కొన్ని గోదాములో ఉంటాయి. జీతాలకు గోదాము ఉండదు.

2025 జనవరి 20న విదేశీ సాయం మీద 90 రోజుల నిలుపుదల ఉత్తర్వు వచ్చింది. 24న పని ఆపమని ఆదేశం. 28న ప్రాణరక్షక సేవలకు మినహాయింపు. ఫిబ్రవరి 1న పెప్‌ఫార్‌కు పరిమిత మినహాయింపు. ఈ చివరి దాన్ని ముక్కముక్కగా చదవాలి. చికిత్స ఉంది, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపడం ఉంది. సోకకముందే వాడే ప్రెప్ మాత్రలు గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ మాత్రమే. మిగతా అందరికీ ప్రెప్ ఆగింది. పైగా మినహాయింపు కాగితం చేతిలో ఉన్నా చెల్లింపుల వ్యవస్థ మూసి ఉండటంతో చాలా సంస్థలు డబ్బు తీసుకోలేకపోయాయి. "మినహాయింపు ఇచ్చారు" అన్న వార్తకూ "సేవ మొదలైంది" అన్న వార్తకూ మధ్య కనీసం రెండు ఫోన్ కాల్స్ చేయండి. ఒకటి జీతం అందాల్సిన మనిషికి, ఇంకోటి మందు తీసుకోవాల్సిన మనిషి తరఫున పనిచేసే సంఘానికి. జులై 1 కల్లా యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం అమలును పూర్తిగా ఆపేసింది, మిగిలింది విదేశాంగ శాఖకు పోయింది. పాత పత్రాల్లో యూఎస్‌ఎయిడ్ కింద ఉన్న అంకెను కొత్తవాటిలో అదే పేరుతో వెతికితే సున్నా వస్తుంది. అది కోత కాకపోవచ్చు, చోటు మారడం కావచ్చు.

ఒక్కో దేశంలో ఈ దెబ్బ ఒక్కో రకం. దక్షిణాఫ్రికాలో దాదాపు 80 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ. కానీ అక్కడి హెచ్‌ఐవీ ఖర్చులో పెప్‌ఫార్ వాటా 17 శాతమేనని వాళ్ల ఆరోగ్యమంత్రి ఆరన్ మోట్సోఆలెడి చెప్పాడు. మాత్రలు వాళ్ల సొంత డబ్బువి. మరి దెబ్బ ఎక్కడ తగిలింది? పెప్‌ఫార్ జీతమిచ్చిన 15 వేలకు పైగా సిబ్బంది దగ్గర. అదీ కొన్ని జిల్లాల్లోనే పోగుపడి ఉన్నారు. 17 శాతం అని సగటు రాస్తే ఒక జిల్లాలో కుప్పకూలిన సేవ కనబడదు. కాబట్టి దేశం గురించి రాసేటప్పుడు మూడు వేరువేరుగా అడగండి. మాత్రలు ఎవరి డబ్బు, మనుషులు ఎవరి డబ్బు, పరీక్షలు ఎవరి డబ్బు.

ఇదే ప్రశ్న మన దగ్గర వేస్తే జవాబు వేరు. 1992లో మొదలైన తొలి జాతీయ ఎయిడ్స్ కార్యక్రమానికి ప్రపంచ బ్యాంకు 8.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. అది తిరిగి కట్టాల్సిన రుణం, దానం కాదు. 2021-26 నాటి అయిదో దశ 15,471.94 కోట్ల రూపాయలు, పూర్తిగా కేంద్ర పథకం. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందు తీసుకుంటున్న మనిషిని "అమెరికా ఆపేసింది, మన మందులు పోతాయి" అని భయపెట్టడం అన్యాయం. అలాగని ఏ దెబ్బా తగల్లేదనీ కాదు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా డబ్బుతో నడిచేది. 2025 మొదట్లో నిధులు ఆగి మూతపడింది. తరవాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరిచారు. దేశం మొత్తం లెక్కలో అది కంటికి ఆనని అంకె. వేరే ఆస్పత్రి గడప తొక్కలేనివాళ్లకి మాత్రం అదే మొత్తం.

బిలియన్లు, కోట్లు, క్యాలెండర్లు

మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ఇది అందరికీ తెలిసిందే, అయినా రాత్రి పదకొండింటికి డెస్క్ మీద ఒక సున్నా జారుతూనే ఉంటుంది. ముందు డాలర్లలోనే కోట్లు చేయండి, ఆ తరవాతే రూపాయల్లోకి వెళ్లండి. రెండూ ఒకే అంగలో చేయకండి. రేటు ఆ ఏడాదిది వాడండి. 2003లో డాలరు 46 రూపాయల దగ్గర ఉండేది. ఆ లెక్కన 15 బిలియన్లు 69 వేల కోట్లు. 85తో గుణిస్తే లక్షా 27 వేల కోట్లు దాటుతుంది. ఒకే వ్యాసంలో 2003నీ 2024నీ ఇవాళ్టి రేటుతో పోలిస్తే పెరుగుదల ఎంతో, రూపాయి పతనం ఎంతో విడదీయలేరు.

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది, పేరు మాత్రం ముగిసే ఏడాదిది. మనది ఏప్రిల్ నుంచి మార్చి. యూఎన్‌ఎయిడ్స్‌ది జనవరి నుంచి డిసెంబర్. వీటికి తోడు పెప్‌ఫార్ దేశ ప్రణాళికలకు సొంత పేర్లున్నాయి. సీఓపీ22 అని రాసి ఉన్న ప్రణాళిక అమలైంది 2023 ఆర్థిక సంవత్సరంలో. పేరు చూసి 2022 గడిలో వేస్తే వరస మొత్తం ఒక ఏడాది పక్కకి జరుగుతుంది.

ఎక్కడ చూడాలి, ఎలా దాచాలి

అమెరికా ఖర్చుకు ఫారిన్‌అసిస్టెన్స్ డాట్ గవ్, కాంట్రాక్టులకు యూఎస్‌ఏస్పెండింగ్ డాట్ గవ్. మొదటి దాంట్లో ఆబ్లిగేషన్, డిస్‌బర్స్‌మెంట్ (నిజంగా చెల్లించిన డబ్బు) అని పైన మీట ఉంటుంది. అది ఏ వైపు ఉందో చూడకుండా అంకె దించుకోకండి. దాత దేశాలన్నీ పక్కపక్కన కావాలంటే అమెరికాలోని ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ కేఎఫ్‌ఎఫ్, యూఎన్‌ఎయిడ్స్ కలిసి ఏటా తెచ్చే నివేదిక. రోగుల లెక్కలకు యూఎన్‌ఎయిడ్స్ ఎయిడ్స్‌ఇన్ఫో. మన దేశానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో ఏటా వేసే నివేదిక సంకలక్.

చూసిన ప్రతి పేజీని పీడీఎఫ్‌గా దించి, పేరులో తేదీ వేసుకోండి. పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషిన్‌లోనూ ఒక ప్రతి దాచండి. 2025లో పెప్‌ఫార్ డేటా పేజీలు కనబడకుండా పోయినప్పుడు లింకు మాత్రమే దాచుకున్నవాళ్ల పట్టికలు ఒక్క రోజులో ఆధారం లేనివయ్యాయి. ఇంకోటి, యూఎన్‌ఎయిడ్స్ ప్రతి ఏడాదీ పాత ఏళ్ల అంచనాలను కూడా తిరగరాస్తుంది. 2019 అంకెను 2020 నివేదిక నుంచీ, 2024 అంకెను 2025 నివేదిక నుంచీ తీసి గీత గీయకండి. మొత్తం వరసను ఒకే కూర్పు నుంచి తీసుకోండి.

అంచనాను లెక్కగా రాయకండి

పెప్‌ఫార్ మద్దతు శాశ్వతంగా పోతే 2029 కల్లా అదనంగా 60 లక్షల కొత్త ఇన్ఫెక్షన్లు, 40 లక్షల మరణాలు ఉండొచ్చని యూఎన్‌ఎయిడ్స్ 2025లో అంది. ఇందులో మూడు మాటలు వదలకూడదు. "శాశ్వతంగా పోతే", "అదనంగా", "2029 కల్లా". వీటిలో ఏది జారినా వాక్యం అబద్ధమవుతుంది. 2024లో ఎయిడ్స్ మరణాలు 6.3 లక్షలు, కొత్త ఇన్ఫెక్షన్లు 13 లక్షలు. ఇవీ అంచనాలే, కానీ జరిగిపోయిన దాని మీద. మొదటివి ఒక షరతు మీద. పెప్‌ఫార్ కాపాడిందని చెప్పే 2.5 కోట్ల ప్రాణాలూ అలాంటి నమూనా లెక్కే. నమ్మదగ్గదే. ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది మాత్రం కాదు.

చేయి తిరగడానికి ఒక కొత్త అంకె ఇస్తున్నాం. లెనకాపవిర్ అనే నివారణ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి. అమెరికాలో దాని జాబితా ధర ఏడాదికి 28,218 డాలర్లు. 2027 నుంచి 120 పేద, మధ్యాదాయ దేశాలకు జెనెరిక్ మందును ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన రెండు కంపెనీలూ, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, హైదరాబాద్‌వే. మూడేళ్లలో 20 లక్షల మందికి ఈ మందు అందిస్తామని గ్లోబల్ ఫండ్, అమెరికా అన్నాయి. 20 లక్షల్ని 40తో గుణించి 8 కోట్ల డాలర్లని రాయాలనిపిస్తుంది. రాయకండి. 2027కి ముందు వెళ్లే సరుకు ఈ మందును కనిపెట్టిన అమెరికా కంపెనీ గిలియడ్‌ది, దాని ధర 40 కాదు. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు మొదటి ఇంజెక్షన్‌తోపాటు తొలి రెండు రోజులూ 300 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండేసి మింగాలి. ఆ నాలుగు మాత్రలకు 17 డాలర్ల దాకా అవుతుంది. అది కలపకపోతే కొత్తగా చేరినవాళ్ల మందు ఖర్చు దాదాపు 30 శాతం తక్కువ చూపిస్తారు. ఇంజెక్షన్ వేసే నర్సు జీతం, వేయకముందు చేసే హెచ్‌ఐవీ పరీక్ష ఇంకా ఆ లెక్కలోకి రానేలేదు.